పెద్ద అప్పు తీర్చేటప్పుడు ఉత్సాహం ఎక్కడ జారిపోతుంది

అప్పు తీర్చాలంటే పట్టుదల ఉండాలి, ఖర్చు అదుపులో ఉండాలి, గురి తప్పకూడదు అని సలహాలిచ్చేవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళలో ఎక్కువమంది రుణపట్టికను (ఏ నెల వాయిదాలో వడ్డీకి ఎంత, అసలుకు ఎంత పోతుందో చూపే పట్టిక) మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఒక్కసారైనా చదివి ఉండరని నా అనుమానం. చదివితే ఇంకోలా మాట్లాడేవారు. ఏడాదికి 9 శాతం వడ్డీతో 20 ఏళ్ల గడువుకు 10 లక్షలు తీసుకున్నారనుకుందాం. నెల వాయిదా 8,997 అవుతుంది. మొదటి నెల అందులో 7,500 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 1,497. ఒక్క నెల కూడా తప్పకుండా కట్టుకుంటూ పోతే అసలు సగానికి దిగేసరికి 14 ఏళ్లు నిండుతాయి. మిగతా సగం ఆఖరి ఆరేళ్లలో తీరుతుంది. (కరెన్సీ ఏదైనా లెక్క ఇంతే, అందుకే ఇక్కడ అంకెల ముందు ఏ గుర్తూ పెట్టడం లేదు.)

ఇంకోలా చూడండి. ఇదే అప్పును లక్ష చొప్పున పది ముక్కలు చేస్తే, మొదటి లక్ష తీరడానికి 55 నెలలు పడుతుంది. ఆఖరి లక్షకు 12 నెలలు చాలు. కట్టే మనిషి అతనే, కట్టే మొత్తం అంతే. మొదటి నాలుగున్నరేళ్లు చూసి "నా వల్ల కావడం లేదు" అనుకునే మనిషికి నిజానికి వచ్చిన లోటేమీ లేదు. పట్టిక తయారైన తీరే అంత.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పెద్ద అప్పు తీరుస్తూ మధ్యలో జావగారిపోవడానికి స్వభావాన్ని నిందిస్తాం గానీ, అసలు కారణం చాలామటుకు మనం చూస్తున్న అంకె. నెలనెలా మిగిలిన బాకీ చూస్తాం, అది మొదట్లో కదలదు. కదలని ముల్లును చూస్తూ ఏళ్ల తరబడి హుషారుగా ఉండటం ఎవరి తరం కాదు. కాబట్టి చేయాల్సినవి రెండు. కదిలే అంకెను ఎంచుకోవాలి. హుషారు లేని నెలలో కూడా డబ్బు దానంతటది వెళ్ళిపోయేలా ఏర్పాటు చేసుకోవాలి. సంకల్పం, ధ్యేయం లాంటి మాటలన్నీ వీటి తర్వాతే.

రోజు వడ్డీ

నా దృష్టిలో చూడాల్సిన అంకె రోజు వడ్డీ. మిగిలిన అసలును వార్షిక వడ్డీ శాతంతో గుణించి, 100తో ఒకసారి, 365తో ఒకసారి భాగిస్తే వస్తుంది. 12 శాతం వడ్డీకి 10 లక్షలుంటే రోజుకు 329. మీరు నిద్రపోతున్నా, సెలవులో ఉన్నా, ఆ రోజుకు ఆ అప్పు మీ దగ్గర తీసుకునే అద్దె అది. అదనంగా ఒక 50,000 కట్టారనుకోండి. బాకీ వైపు చూస్తే ఇంకా తొమ్మిదిన్నర లక్షలు కనిపించి నీరసం వస్తుంది. రోజు వడ్డీ వైపు చూస్తే 329 కాస్తా 312 అయింది. ఆ పదహారు, పదిహేడు ఇక రోజూ మిగులుతాయి, అప్పు ఉన్నన్నాళ్ళూ. ఏడాదికి 6,000.

నాలుగైదు అప్పులున్నవాళ్ళకు ఇది ఇంకా బాగా పనికొస్తుంది. ప్రతి అప్పుకూ రోజు వడ్డీ విడిగా లెక్కగట్టి, అన్నీ కూడి, ఒకే అంకెగా రాసుకోవాలి. అదే 50,000ను 12 శాతం అప్పు మీద వేస్తే మొత్తం 16 తగ్గుతుంది, 36 శాతం కార్డు బాకీ మీద వేస్తే 49 తగ్గుతుంది. ఏది ముందు కొట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి. మారే వడ్డీ రేటున్న అప్పులో రేటు పెరిగితే, మీ తప్పు ఏమీ లేకుండానే ఈ అంకె పైకి పోతుంది. అందుకే పక్కనే ఆ నెల రేటు కూడా రాయండి, లేకపోతే ఆ పెరుగుదల మీ వైఫల్యంలా కనిపిస్తుంది. రెండోది, ఈ అంకెను నెలకు ఒక్కసారే లెక్కగట్టాలి, అదీ ముందే పెట్టుకున్న తేదీన, అరగంటకు మించకుండా. రోజూ బ్యాంకు యాప్ తెరిచి చూసుకునేవాళ్ళు, ఆరు నెలలు అసలు తెరవనివాళ్ళు, ఇద్దరూ భయంతోనే ఆ పని చేస్తున్నారు.

దూరం కొలవడంలో ఇంకో చిన్న కిటుకు ఉంది. మింజుంగ్ కూ, అయెలెట్ ఫిష్‌బాక్ 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మనం దేన్ని చూస్తామో అది చిన్నగా ఉన్నప్పుడు ఉత్సాహం ఎక్కువ నిలుస్తుంది. మొదటి సగంలో ఎంత కట్టామో చూడాలి, రెండో సగంలో ఎంత మిగిలిందో చూడాలి. వెయ్యిలో వంద కట్టినప్పుడు ఆ వందకు ఇంకో వంద కలిస్తే రెట్టింపు, అదే 900 బాకీలో వంద పోవడం కంటికి ఆనదు. చివర్లో దీనికి సరిగ్గా తిరగేసి. కాబట్టి మీ పట్టిక మీద ఒక గీత గీసి, అసలు సగానికి దిగిన నెల నుంచి చూసే గడి మార్చేయండి. గడువులో సగం కాదు, అసలులో సగం. 60 నెలల 12 శాతం అప్పులో 30వ నెల దగ్గర ఇంకా 57 శాతం అసలు మిగిలే ఉంటుంది, సగం దాటేది 35వ నెలలో. "రెండున్నరేళ్లు కట్టాను, సగం కూడా తీరలేదు" అని చాలామంది చతికిలపడేది ఆ ఐదు నెలల సందులోనే.

కాగితం మీద పెట్టాల్సినవి

జాబితా రాయమని అందరూ చెబుతారు, ఏం రాయాలో చెప్పరు. ప్రతి అప్పుకూ ఇవి ఉండాలి: ఎవరికి, ఈ రోజుకు మిగిలిన అసలు, వార్షిక వడ్డీ, నెలకు కట్టక తప్పని మొత్తం, గడువు తేదీ, మిగిలిన వాయిదాలు, ముందుగా తీరిస్తే పడే రుసుము, తనఖాలో ఏముంది, హామీ సంతకం ఎవరిది. చివరి రెండూ వడ్డీ శాతంలో కనిపించవు గానీ, కట్టలేని నెల వస్తే ఏది ముందు కాపాడుకోవాలో నిర్ణయించేవి అవే. ఇంకొకరి హామీ ఉన్న అప్పు ఎగ్గొడితే దెబ్బ వాళ్ళకూ తగులుతుంది.

వడ్డీ శాతం రాసేటప్పుడు ఒక మోసం తరచూ జరుగుతుంది, కొన్నిసార్లు మనమే చేసుకుంటాం. ఫ్లాట్ వడ్డీ అంటే మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేసే పద్ధతి. లక్షకు 10 శాతం ఫ్లాట్, మూడేళ్లు అంటే వడ్డీ 30,000, వాయిదా 3,611. అసలు తగ్గుతున్నా వడ్డీ తగ్గదు కనుక, తగ్గే బాకీ మీద లెక్కగడితే నిజమైన రేటు దాదాపు 18 శాతం. జాబితాలో 10 అని రాసుకుంటే ఆ అప్పు చౌకగా కనిపించి అడుగున ఉండిపోతుంది. అలాంటి అప్పును ముందుగా తీరిస్తే మిగతా నెలల వడ్డీ మినహాయిస్తారో లేదో రాతపూర్వకంగా అడగాలి. మినహాయించకపోతే ముందుగా కట్టి లాభం లేదు, ఆ డబ్బు ఇంకోదాని మీదకు మళ్లించడమే మేలు.

చుట్టాల దగ్గర, స్నేహితుల దగ్గర తీసుకున్నవి కూడా ఇదే జాబితాలో ఉండాలి. వడ్డీ సున్నా కాబట్టి వరుసలో చివరికి పోతాయి, కానీ మొహం చాటేయాల్సి రావడమన్న ఖర్చు వాటికే ఎక్కువ. చిన్న మొత్తమైనా సరే, నెలకు ఇంత అని తేదీ చెప్పి పంపుతుంటే ఆ బరువు సగం దిగుతుంది.

చిన్నదా, వడ్డీ ఎక్కువదా

ఈ తగవు చాలా పాతది. లెక్క తెలిసినవాళ్ళు ఎక్కువ వడ్డీ అప్పును ముందు తీర్చమంటారు. మనుషులు తెలిసినవాళ్ళు అన్నిటికన్నా చిన్న అప్పును ముందు మూసేయమంటారు. ఇద్దరి దగ్గరా సాక్ష్యం ఉంది. 2011లో అమర్, ఏరియలీ తదితరులు చేసిన ప్రయోగాల్లో జనం పెద్ద వడ్డీ నడుస్తున్న బాకీని వదిలేసి చిన్న ఖాతాలు మూయడానికి ఎగబడ్డారు, దానివల్ల నష్టపోయారు కూడా. 2012లో డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ నిజమైన రుణగ్రస్తుల లెక్కలు చూస్తే, ఎంత డబ్బు తీరిందన్న దానితో సంబంధం లేకుండా, ఎక్కువ ఖాతాలు మూసినవాళ్ళే చివరిదాకా నిలబడి అప్పు వదిలించుకునే అవకాశం ఎక్కువని తేలింది. సింగపూర్‌లో ఒక దాతృత్వ సంస్థ పేదల అప్పులు తీర్చినప్పుడు పరిశీలించినవాళ్ళకూ ఇలాంటిదే కనిపించింది (2019లో అచ్చయింది): తీరిన మొత్తం సమానమైనా, ఎక్కువ ఖాతాలు మూతపడ్డవాళ్ళ మనసు ఎక్కువ తేలికపడింది.

ఇందులో ఎవరు గెలిచారని తేల్చుకోవడం కన్నా, చిన్నదాన్ని ముందు మూయడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగడితే సరిపోతుంది. లెక్క సులువే: చిన్న అప్పు మొత్తం, రెండు వడ్డీల తేడా, పెద్దది తీరడానికి పట్టే ఏళ్లు, ఈ మూడింటినీ గుణించండి. 14 శాతం మీద 40,000, 24 శాతం మీద 3 లక్షలు ఉన్నాయనుకుందాం. పెద్దదాని మీద నెలకు 20,000 వేస్తే 18 నెలల్లో తీరుతుంది. 40,000 × 10 శాతం × ఒకటిన్నర ఏడు = 6,000. చిన్నదాన్ని ముందు మూయడానికి మీరిచ్చే ధర అటూఇటుగా దీనికి మించదు. రెండు నెలల్లో ఒక ఖాతా మాయమై, ఒక గడువు తేదీ తగ్గి, ఒక వాయిదా ఖాళీ అవడానికి ఆ ధర నాకు సబబుగానే తోస్తుంది. కార్డు మీద 36 శాతం మండుతుంటే, వడ్డీలేని బాకీ మూయడానికి ఏడాది పట్టేట్టుంటే, అప్పుడు సబబు కాదు.

నా సూత్రం: మూడు నెలల్లోపు మూయగలిగిన చిన్న ఖాతా ఉంటే అది ముందు, అదీ ఒకటో రెండో. ఆ తర్వాత వడ్డీ వరుసే. నియమం ఏదైనా అదనపు డబ్బంతా ఒక్క ఖాతా మీదే పడాలి. అన్నిటికీ తలా కాస్త పంచితే ఏదీ మూతపడదు, అంకెలన్నీ ఒకేసారి నత్తనడక నడుస్తాయి.

కనీస చెల్లింపు

కార్డు బాకీ లక్ష, వడ్డీ నెలకు 3 శాతం, కనీసం కట్టాల్సింది బాకీలో 5 శాతం అనుకోండి. మొదటి నెల 5,000 కడితే అందులో 3,000 వడ్డీ. రెండో నెల కనీసం 4,900కు దిగుతుంది, తర్వాత ఇంకా. బిల్లు మీద చూపించిన ఆ తగ్గే మొత్తమే కడుతూ పోతే, కొత్తగా ఏమీ కొనకపోయినా, 31 నెలల తర్వాత ఇంకా 53,000 పైచిలుకు మిగిలి ఉంటుంది. అదే మొదటి నెల కట్టిన 5,000నే పట్టుకుని నెలనెలా అంతే కడితే 31వ నెలకు బాకీ సున్నా. ఈ రెండు దారుల మధ్య మీ జేబులోంచి అదనంగా వెళ్ళేది మొత్తం మీద 38,600 పైచిలుకు. నెలకు సగటున 1,250 కూడా కాదు.

ఆ కనీస మొత్తం కంటి ముందు ఉండటమే ఒక ఉచ్చు. 2009లో నీల్ స్టీవర్ట్ ప్రయోగంలో, బిల్లు మీద కనీస మొత్తం కనిపించినప్పుడు పాక్షికంగా కట్టేవాళ్ళు తక్కువ కట్టడానికి మొగ్గారు, కనిపించనప్పుడు ఎక్కువ కట్టారు. అందుకే ఈ నెల కనీసం ఎంతో రాసుకుని, దాన్ని మీ సొంత స్థిర వాయిదాగా పెట్టుకుని, ఇక బిల్లులో ఆ గడి వైపు చూడకండి. పూర్తి బాకీ తీర్చని నెలల్లో చాలా కార్డుల మీద కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు కూడా ఉండదు. తీరుస్తున్న కార్డును వాడకం నుంచి తప్పించాలి, ఫోన్‌లోనూ వెబ్‌సైట్లలోనూ దాచుకున్న కార్డు వివరాలు కూడా తీసేయాలి.

ముందు చిన్న నిల్వ, తర్వాతే దూకుడు

అప్పు తీర్చే పథకాలు తరచూ మొదటి కొన్ని నెలల్లోనే చెడతాయి, ఎందుకంటే అప్పటికి ఏదో ఒక ఖర్చు వచ్చిపడుతుంది. వాహనం మరమ్మతు, పళ్ళ డాక్టరు, బీమా ప్రీమియం. చేతిలో ఉన్నదంతా అప్పుకు ఊడ్చి కట్టేసిన మనిషి మళ్ళీ కార్డు తీయక తప్పదు. డబ్బు లెక్కలో అది పెద్ద నష్టం కాకపోవచ్చు. మనసు లెక్కలో మాత్రం మూడు నెలల కష్టం బూడిదలో పోసినట్టే.

ఇందులో చాలా ఖర్చులు ఊహించనివి కావు, నెలనెలా రానివి మాత్రమే. గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ప్రతి నెలా రాని ఖర్చులన్నిటినీ ఒక రంగుతో గుర్తించండి. మొత్తం కూడి 12తో భాగించండి. ఆ మొత్తం నెలనెలా వేరే ఖాతాలోకి వెళ్ళాలి. అది పొదుపు కాదు, ముందే తెలిసిన బిల్లు. దానికి తోడు, ఆ రంగు వేసిన ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్దదెంతో అంత నిల్వ, అప్పు మీద అదనంగా ఒక్క పైసా వేయకముందే పోగుచేసుకోవాలి. 36 శాతం వడ్డీ నడుస్తుంటే నిల్వ పెట్టడం తెలివితక్కువ అని లెక్కలవాళ్ళు అంటారు. మూడు నెలలకోసారి కార్డు మళ్ళీ తీయడానికయ్యే ధర ఆ లెక్కలో లేదు.

ఆదాయం నెలకో రకంగా వచ్చేవాళ్ళు గత ఏడాదిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెలను ప్రాతిపదికగా పెట్టుకుని పథకం రాయాలి. పైన వచ్చినదాన్ని శాతాల్లో పంచాలి: ఉదాహరణకు 70 అప్పుకు, 20 నిల్వకు, 10 చేతి ఖర్చుకు. సగటు నెలను ప్రాతిపదిక చేసుకుంటే ఏడాదిలో సగం నెలలు ఓడిపోయినట్టే అనిపిస్తుంది.

చేతి ఖర్చన్న మాట వచ్చింది కాబట్టి: ఆదాయంలోంచి అవసరాలు, పైన చెప్పిన ఏడాది ఖర్చుల వాటా, కట్టక తప్పని వాయిదాలు పోగా మిగిలినదే మీ అదనం. అందులో పదో వంతు లెక్క చెప్పనక్కర్లేని డబ్బుగా వదలండి. ఇద్దరి సంసారమైతే ఇద్దరికీ విడివిడిగా. ఇది చాలామందికి నచ్చదు, ఆ పదో వంతు కూడా అప్పుకే వేస్తే ఇంకా త్వరగా తీరుతుంది కదా అంటారు. నాలుగు నెలల్లో తీరే అప్పైతే నిజమే. నాలుగేళ్ల అప్పుకు, ఊపిరాడని బడ్జెట్ ఎక్కడో తెగుతుంది, తెగినప్పుడు పోయేది పదో వంతు కన్నా ఎక్కువే ఉంటుంది.

అదనంగా కట్టిన డబ్బు ఎక్కడికి పోతోంది

ఇక్కడ చాలా డబ్బు వృథా అవుతుంది. వాయిదా కన్నా ఎక్కువ కట్టినప్పుడు కొన్ని రుణసంస్థలు ఆ ఎక్కువను వచ్చే నెల వాయిదాకు అడ్వాన్సుగా పెట్టేస్తాయి. అసలు తగ్గదు. కాబట్టి "ఈ మొత్తం అసలులో తగ్గించండి, గడువు తగ్గించండి, వాయిదా అలాగే ఉంచండి" అని రాతలో చెప్పాలి, తర్వాతి స్టేట్‌మెంట్‌లో అసలు నిజంగా అంత తగ్గిందో లేదో చూసుకోవాలి.

గడువు తగ్గించడానికీ, వాయిదా తగ్గించడానికీ తేడా ఎంతో చూడండి. 10 లక్షలు, 12 శాతం, 60 నెలలు, వాయిదా 22,244. ఏడాది కట్టాక ఒకేసారి 50,000 అదనంగా వేశారు. వాయిదా మార్చకుండా గడువు తగ్గిస్తే మూడున్నర వాయిదాలు ఎగిరిపోయి, వడ్డీలో 29,500 మిగులుతుంది. గడువు మార్చకుండా వాయిదా తగ్గిస్తే అది 20,928 అవుతుంది, మిగిలేది 13,200. అడగకపోతే కొన్నిచోట్ల రెండోదే చేసేస్తారు. ఉద్యోగం నిలకడగా లేనివాళ్ళకు మాత్రం రెండోదే నయం: వాయిదా తగ్గించుకుని, బాగున్న నెలల్లో పాత మొత్తమే కట్టుకుంటూ పోతే వడ్డీ ఆదా మొదటిదానికి దగ్గరగానే వస్తుంది, చెడ్డ నెలలో కట్టాల్సిన బాధ్యత తక్కువ ఉంటుంది. ముందస్తు చెల్లింపు మీద ప్రతిసారీ రుసుము ఉంటే, చిన్న చిన్న మొత్తాలుగా కాకుండా పోగుచేసి వేయండి.

ఒక అప్పు మూతపడ్డ నెలలో దాని వాయిదా మొత్తం అదే రోజు తర్వాతి అప్పుకు మళ్ళాలి. బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (నెలనెలా ఒక తేదీన డబ్బు దానంతటది వెళ్ళేలా బ్యాంకుకు ఇచ్చే ఆదేశం) ఆ రోజే మార్చేయండి, జీతం పడిన మర్నాటి తేదీకి. ఒక్క నెల వదిలినా ఆ డబ్బు కొత్త అలవాట్లలో కలిసిపోతుంది, ఎక్కడికి పోయిందో కూడా చెప్పలేం. బోనస్ లాంటి అనుకోని రాబడికి కూడా వాటా ముందే కాగితం మీద ఉండాలి, 80 అప్పుకు 20 మీకు అన్నట్టు. డబ్బు చేతికొచ్చాక చేసే నిర్ణయాలు ఎప్పుడూ ఆ డబ్బు పక్షమే.

తప్పిన నెల

నాలుగైదేళ్ల ప్రయాణంలో ఒక నెల తప్పుతుంది. తప్పిన నెల కన్నా ప్రమాదం "ఎలాగూ చెడింది కదా" అనుకోవడం. ఆహార నియమాలు పాటించేవాళ్ళలో జానెట్ పోలివీ, పీటర్ హెర్మన్ ఈ ధోరణిని గమనించారు: కాస్త గీత దాటగానే నియమమే వదిలేసి ఇంకా ఎక్కువ తినడం. అప్పులోనూ అంతే. దీనికి మందు ముందే రాసి పెట్టుకున్న రెండు వాక్యాలు. "వాయిదా కట్టలేనని తెలిసిన రోజే, గడువు తేదీకి ముందే, రుణసంస్థకు ఫోన్ చేస్తాను. తర్వాతి నెల పాత స్థిర మొత్తంతోనే మొదలుపెడతాను, తప్పినదాన్ని ఒకేసారి పూడ్చను." రెండో వాక్యం వింతగా అనిపించవచ్చు. రెట్టింపు కట్టి పూడ్చాలనుకునేవాళ్ళు ఆ నెల కూడా తప్పి, వరుసగా రెండు ఓటములు మూటగట్టుకుంటారు. ఆలస్య రుసుము, వడ్డీ ఎటూ తప్పవు. మిగిలిన లోటును రుణసంస్థతో మాట్లాడి కొన్ని నెలల మీద సర్దుకోవచ్చు.

గడువుకు ముందు ఫోన్ చేసేవాళ్ళకు దొరికే వెసులుబాట్లు తర్వాత చేసేవాళ్ళకు సాధారణంగా దొరకవు. మాట్లాడిన తేదీ, మాట్లాడినవాళ్ళ పేరు, ఒప్పుకున్నది రాసుకుని, అదే ఈమెయిల్‌లో పంపి ఖరారు చేసుకోవాలి. వాయిదాలకు విరామం ఇస్తామంటే ఆ నెలల వడ్డీ ఏమవుతుందో అడగండి. 12 శాతం మీద 10 లక్షలకు మూడు నెలల విరామం అంటే చాలాసార్లు 30,300 బాకీకి తోడవడమే. అవసరమైతే తీసుకోవాల్సిందే, ఉచితం అనుకోకూడదు.

లెక్కే కుదరనప్పుడు

ఉత్సాహం గురించి ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. అవసరాలు పోగా మిగిలేది మొత్తం నెల వడ్డీ కన్నా తక్కువైతే, బాకీ ప్రతి నెలా పెరుగుతుంది. ఎంత క్రమశిక్షణ ఉన్నా దాన్ని ఆపలేం. అలాంటి మనిషికి ప్రేరణ వ్యాసాలు చదివించడం అన్యాయం. అక్కడ దారులు వేరే: ఆస్తి అమ్మడం, వడ్డీ తగ్గించమని బేరం, బాకీలో కొంత తగ్గించుకుని ఒకేసారి కట్టి ముగించే పరిష్కారం, లాభాపేక్ష లేని రుణ సలహాదారులు, చట్టం అనుమతిస్తే దివాలా ప్రక్రియ. ఆలస్యం చేసేకొద్దీ అమ్ముకోగల ఆస్తి వడ్డీకి కరిగిపోతుంది. బతుకు మీదే విరక్తి పుట్టేదాకా వస్తే అప్పు లెక్క పక్కన పెట్టి, అదే రోజు డాక్టరుతోనో, దగ్గరి మనిషితోనో, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌తోనో మాట్లాడాలి.

అన్ని అప్పులనూ ఒకే పెద్ద అప్పుగా కలిపేయడం ఈ దశలో ఊరిస్తుంది. అది మందు కూడా కావచ్చు, మత్తు కూడా కావచ్చు. 24 శాతం మీద 3 లక్షలకు నెలకు 20,000 చొప్పున 18 నెలలు కడితే వడ్డీ దాదాపు 60,000. దాన్ని 16 శాతానికి, ఐదేళ్ల గడువుకు మార్చుకుంటే వాయిదా 7,295కు దిగుతుంది, హాయిగా ఉంటుంది. మొత్తం వడ్డీ మాత్రం 1,37,000 దాటుతుంది. రేటు తగ్గింది, ఖర్చు రెట్టింపైంది. అదే 16 శాతం అప్పుకు నెలకు 20,000 పాతలాగే కడితే 17 నెలల్లో తీరి వడ్డీ 37,000 దగ్గర ఆగుతుంది. కాబట్టి అప్పులు కలిపే ముందు ముందస్తు చెల్లింపుకు రుసుము లేదని చూసుకోండి, కలిపిన రోజే పాత మొత్తానికి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి, ఖాళీ అయిన కార్డుల పరిమితి తగ్గించండి. ఖాళీ కార్డులు నాలుగు, కొత్త అప్పు ఒకటి చేతిలో ఉన్న మనిషి ఏడాదిలో ఐదు అప్పుల్లో ఉండటం అరుదేమీ కాదు.

ఆఖరి వాయిదా తర్వాత

బాకీ సున్నా అని యాప్‌లో కనిపించినంత మాత్రాన ఖాతా మూతపడినట్టు కాదు. మిగిలిన కొద్దిపాటి వడ్డీ, రుసుము పేరుతో చిన్న బాకీ ఉండిపోయి దాని మీద ఆలస్య రుసుములు పేరుకునే ప్రమాదం ఉంది. అందుకే చివరి చెల్లింపుకు ముందు ఫలానా తేదీ నాటికి పూర్తిగా తీర్చడానికి ఎంతో రాతలో తీసుకుని, సరిగ్గా అంతే, ఆ తేదీలోపే కట్టాలి. తర్వాత బాకీ లేదన్న ధ్రువపత్రం, తనఖా పెట్టిన అసలు పత్రాలు, హామీదారుకు విడుదల లేఖ అడిగి తీసుకోవాలి. ఆస్తి రికార్డుల్లో తనఖా నమోదై ఉంటే దాన్ని విడిగా తొలగించాల్సి ఉంటుంది, అది చాలాచోట్ల దానంతటది జరగదు. ఒకటి రెండు నెలలాగి మీ రుణచరిత్ర నివేదికలో ఆ ఖాతా మూసినట్టు చూపుతోందో లేదో చూసుకోండి. ఆటోమేటిక్ చెల్లింపు రద్దయిందో లేదో కూడా చూడాలి, లేకపోతే మూసిన ఖాతాకు ఇంకో వాయిదా వెళ్ళిపోయి దాన్ని వెనక్కి రప్పించుకోవడానికి నెలలు పడుతుంది. రద్దు చేసిన ఆ ఇన్‌స్ట్రక్షన్ స్థానంలో అదే మొత్తానికి, అదే తేదీకి, మీ సొంత పొదుపు ఖాతా పేరు మీద కొత్తది పెట్టండి.